స్టెనోసిస్ ఉన్నవాళ్ల నడక: ఏ పరీక్షతో కొలవాలి, ఏది ఎవరికి నప్పుతుంది

స్పైనల్ స్టెనోసిస్ (వెన్నులో నరాలు దిగే దారి ఇరుకవడం) అని తేలినవాళ్లని "ఎంత దూరం నడవగలుగుతున్నారు?" అని అడిగితే వచ్చే జవాబులు దాదాపు ఇలాగే ఉంటాయి. "బజారు దాకా వెళ్లొస్తున్నాను మేడం." "ఇదివరకటంత లేదు." "నాలుగడుగులు వేస్తే కాళ్లు లాగేస్తాయి." అబద్ధం ఎవరూ చెప్పరు. కానీ మూడు నెలలు మందులు వాడాకో, ఆపరేషన్ అయ్యాకో, మెరుగైందా లేదా అని తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు ఈ జవాబుల్లో ఒక్కటీ అక్కరకు రాదు.

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఉన్న మన తెలుగువాళ్లకి ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. ఒకసారి బరంపురంలో పెద్దాసుపత్రికి వెళ్తారు, అక్కడ మాటంతా ఒడియాలో. ఇంకోసారి పర్లాకిమిడి నుంచో గుణుపూర్ నుంచో బయల్దేరి విశాఖ వెళ్తారు, అక్కడ తెలుగులో మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాలి. సంచిలో ఎంఆర్ఐ ఫిల్ములు ఉంటాయి, మందుల చీటీలు కట్టగా ఉంటాయి, నడక ఎంతో రాసిన కాగితం మాత్రం ఉండదు. "280 మీటర్ల దగ్గర ఆగాను, రెండు పిక్కలూ బరువెక్కాయి" అని ఒక్క ముక్క రాసి ఉంటే ఒడియా డాక్టరుకీ తెలుగు డాక్టరుకీ అది ఒకేలా అర్థమవుతుంది. ఫిజియోథెరపిస్టుగా నేను రోజూ చేసే పని ఇదే. అందుకని, వాడుకలో ఉన్న పరీక్షల్లో ఏది దేనికి పనికొస్తుందో నా అభిప్రాయంతో సహా చెబుతాను.

కూర్చుంటే హాయి, నిలబడితే బాధ

నడుము దగ్గర వెన్నుపూసల లోపల నరాలు దిగే దారి వయసుతో ఇరుకవుతుంది. డిస్కు ఉబ్బుతుంది, వెనకవైపు ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంటు మందమవుతుంది, పక్కనున్న చిన్న జాయింట్లు అరిగి లావెక్కుతాయి. నిటారుగా నిలబడినా, వెనక్కి వంగినా ఆ దారి ఇంకా బిగుస్తుంది. ముందుకు వంగితే, కూర్చుంటే కాస్త వదులవుతుంది. నడిచేకొద్దీ పిరుదుల నుంచి పిక్కల దాకా బరువు, తిమ్మిరి, మంట, లాగుడు వచ్చి, కూర్చోగానే తగ్గిపోయే ఈ లక్షణాన్ని, దాని వెనకున్న ఇరుకునీ కలిపి 1954లో డచ్ సర్జన్ వెర్‌బీస్ట్ వివరంగా రాశాక వైద్యలోకం దీన్ని గట్టిగా పట్టించుకుంది.

బరంపురంలో పట్టు నేసే మన ఇళ్లల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. గుంట మగ్గం మీద ముందుకు వంగి పొద్దంతా కూర్చోగలిగిన పెద్దాయన, నిటారుగా నడిచి వీధి చివరికి వెళ్లేసరికి ఏదో ఒక అరుగు వెతుక్కుంటాడు. ఆయనే సైకిలెక్కితే కిలోమీటర్ల కొద్దీ తొక్కుతాడు. సైకిలు దిగి, హ్యాండిల్ మీద వాలి తోసుకుంటూ నడిచినా దూరం పెరుగుతుంది. ఇంట్లోవాళ్లకి ఇది అర్థం కాక "పనికైతే ఓపిక ఉంటుంది, గుడికి రమ్మంటే కాళ్లు నొప్పులు" అంటారు. ఆ మాట చాలా అన్యాయం. ఆయన ఏమీ నటించడం లేదు; మగ్గం దగ్గర నడుము వంగి ఉంటుంది, గుడి దారిలో నిటారుగా ఉంటుంది, అంతే తేడా.

పరీక్ష ఎంచుకునేటప్పుడు దీన్నుంచి రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. దేనిమీదైనా వాలి నడవనిచ్చే పరీక్ష ఉన్న ఇబ్బందిని తక్కువ చేసి చూపిస్తుంది. కాళ్లు మొరాయించేలోపే అయిపోయే పరీక్ష అసలు జబ్బునే చూడదు. కింద చెప్పే పోలికంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

ఎంఆర్ఐ చూస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. ఏ నొప్పీ లేనివాళ్లకి ఎంఆర్ఐ తీసి చూసిన ఒక అమెరికా అధ్యయనం 1990లో వచ్చింది. చిన్నదే అయినా, 60 దాటినవాళ్లలో దాదాపు ఐదుగురికి ఒకరి చొప్పున స్టెనోసిస్ కనిపించింది. ఫిల్ములో ఇరుకు ఎంతుందో చూసి ఆ మనిషి ఎంత దూరం నడుస్తాడో చెప్పలేం. బాగా ఇరుకున్నా సంతకెళ్లి వచ్చేవాళ్లున్నారు, మోస్తరు ఇరుకుకే గుమ్మం దాటనివాళ్లున్నారు.

నా మొదటి ఓటు: తన వేగంతో, ఆగేదాకా నడక

స్టెనోసిస్ కోసమే ప్రత్యేకంగా వాడే పరీక్ష ఇది. సమతలంగా ఉన్న చోట, తనకి అలవాటైన వేగంతో, కాళ్లు ఇక వద్దని ఆపేదాకా నడవడం. ఆగకపోతే 30 నిమిషాలకి మనమే ఆపుతాం. ఆగినచోట దూరం, పట్టిన సమయం రాసుకుంటాం. పరుగు లేదు, పోటీ లేదు, "ఇంకొంచెం, ఇంకొంచెం" అని ఉసిగొల్పడం లేదు. ఒకే మనిషికి కొద్దిరోజుల తేడాతో మళ్లీ చేసినా ఫలితం దగ్గరదగ్గరగా వస్తుందని దీన్ని పరీక్షించినవాళ్లు చూపించారు. ఈ జబ్బు మనిషిని ఏ తీరుగా ఆపుతుందో పరీక్ష కూడా అదే తీరుగా కొలుస్తుంది. అందుకే నాకు దీనిమీద అంత నమ్మకం.

క్లినిక్కుల్లో దూరం కొలవడానికి కర్రకి తగిలించిన చక్రం ఉంటుంది. మన ఊళ్లల్లో అది లేకపోయినా ఇబ్బంది లేదు. ఒక సైకిలు, ఒక సుద్దముక్క, ఒక టేపు చాలు. ముందు చక్రం ట్యూబు వాల్వు నేలవైపుకి రాగానే కింద గీత గీయండి. సైకిల్ని తిన్నగా నడిపించి వాల్వు మళ్లీ నేలవైపుకి వచ్చినచోట ఇంకో గీత. మధ్య దూరాన్ని టేపుతో కొలవండి. పెద్ద సైకిలుకి 2.2 మీటర్లు అటూఇటూగా వస్తుంది, మీ టైరుకి ఎంతొస్తే అదే ఖాయం. ఇప్పుడు బడి మైదానంలోనో, బండ్లు తిరగని సిమెంటు రోడ్డు మీదనో చక్రం చుట్లు లెక్కపెట్టి 50 మీటర్లకి ఒక గుర్తు పెట్టండి. ఆ ముక్కలోనే వెళ్లడం, రావడం. చివర గిర్రున తిరగకుండా వెడల్పుగా మళ్లాలి. కరెంటు స్తంభాలు లెక్కపెట్టడం మాత్రం వద్దు. స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం అన్ని వీధుల్లో ఒకటి కాదు.

తోడుగా నడిచేవాళ్లు పక్కన కాకుండా రెండడుగులు వెనకాల ఉండాలి. పక్కన నడిస్తే వాళ్ల వేగమే పెద్దాయన వేగమైపోతుంది. మాటలు కూడా వద్దు. బరంపురంలో ఏప్రిల్, మే నెలల ఉక్కలో పది దాటాక నడిపిస్తే కాళ్లకంటే ముందు ఊపిరే ఆపేస్తుంది కాబట్టి పొద్దున్నే పెట్టుకోండి. తర్వాతిసారీ అదే వేళకి, అవే చెప్పులతో, నొప్పి మాత్ర మొదటిసారి వేసుకుని ఉంటే ఈసారీ వేసుకుని. చేతికర్రతో కొలిస్తే ప్రతిసారీ చేతికర్రతోనే.

దూరం ఒక్కటీ రాసి ఊరుకోకండి. కాళ్లల్లో మొదటిసారి తేడా ఎక్కడ మొదలైంది, ఎక్కడ పూర్తిగా ఆగారు, ఎందుకు ఆగారు, కూర్చున్నాక ఎన్ని నిమిషాలకి తగ్గింది, ఇవి నాలుగూ కావాలి. అన్నింట్లోకీ "ఎందుకు ఆగారు" ముఖ్యం. ఈ వయసువాళ్లలో మోకాళ్ల అరుగుదల, తుంటి నొప్పి, ఆయాసం కూడా సాధారణమే. ఒకావిడ మొదటిసారి 150 మీటర్ల దగ్గర పిక్కల తిమ్మిరితో ఆగి, ఆపరేషన్ తర్వాత 200 మీటర్ల దగ్గర మోకాలి నొప్పితో ఆగిందనుకుందాం. కాగితం మీద 50 మీటర్లే పెరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి నరాల సమస్య వదిలింది, ఇక చూడాల్సింది మోకాలిని. కారణం రాయకపోతే ఆ ఆపరేషన్ని దండగ అనేస్తారు.

దీని లోపం సమయం. బాగా నడిచేవాళ్లకి అరగంట పడుతుంది, రద్దీగా ఉండే ఓపీలో అది కుదరదు. అందుకే ఇంటిదగ్గర కొలుచుకుని కాగితం తీసుకెళ్లడం మేలంటాను.

ఆరు నిమిషాల నడక

ఆస్పత్రుల్లో ఎక్కువగా చేసేది ఇది. ఊపిరితిత్తుల జబ్బులవాళ్ల కోసం పుట్టింది, 2002లో అమెరికా ఛాతీ వైద్యుల సంఘం దీనికి పద్ధతులు రాసిపెట్టింది. 30 మీటర్ల వరండాలో ఆరు నిమిషాల్లో ఎంత దూరం వెళ్తారో చూస్తారు. మధ్యలో ఆగవచ్చు, గోడకి చేరబడవచ్చు, గడియారం మాత్రం ఆగదు.

అక్కడే స్టెనోసిస్‌కి ఇది సరిగ్గా అతకదు. నిదానంగా నడుస్తూ ఎనిమిదో నిమిషంలో కాళ్లు లాగేవాళ్లు ఈ పరీక్షలో మామూలు మనిషిలాగే తేలతారు. రెండో నిమిషంలో ఆగి, గోడకి వాలి ముందుకు వంగి, మళ్లీ నడిచి, మళ్లీ ఆగినవాళ్లకి చివరికి వచ్చే అంకెలో ఆ మొదటి ఆగడం కనిపించదు. ఆస్పత్రిలో ఇదే చేస్తామంటే వద్దనక్కర్లేదు. "మొదట ఎక్కడ ఆగానో కూడా రాయండి" అని అడగండి, సగం లోటు తీరుతుంది.

గుండె, ఊపిరి సమస్యలు కూడా ఉన్నవాళ్లకి మాత్రం నేనూ దీన్నే ఎంచుకుంటాను. తక్కువసేపు, పక్కన మనిషి ఉంటారు, నాడి, ఆక్సిజన్ చూస్తూ చెయ్యొచ్చు. గడిచిన నెలలోపు గుండెపోటు వచ్చినవాళ్లకీ, గుండెనొప్పి అదుపులో లేనివాళ్లకీ దీన్ని చెయ్యకూడదు. కూర్చుని ఉండగానే నాడి 120 దాటినా, బీపీ పైది 180, కిందది 100 దాటినా ముందు డాక్టరుని అడగాలి. ఇంటిదగ్గర నడకకీ ఈ జాగ్రత్తలు వర్తిస్తాయి.

ట్రెడ్‌మిల్ గురించి

ట్రెడ్‌మిల్ మీద పరీక్ష అంటే జనానికి నమ్మకం ఎక్కువ, మిషను కాబట్టి. నాకు అంత నమ్మకం లేదు. ఎప్పుడూ ఎక్కని అరవై ఏళ్లావిడ కింద బెల్టు కదలగానే భయంతో రాడ్ పట్టుకుంటుంది, పట్టుకుని ముందుకు వంగుతుంది, వంగగానే నరాలకి చోటు దొరుకుతుంది. బయట 200 మీటర్లు నడవలేనావిడ అక్కడ రెట్టింపు నడిచేయొచ్చు. వేగం కూడా మిషనుదే, ఆవిడది కాదు. ఇక్కడొచ్చిన అంకెని రోడ్డు మీద కొలిచిన అంకెతో పోల్చకూడదు.

ట్రెడ్‌మిల్ నిజంగా అక్కరకొచ్చే సందర్భం ఒకటుంది: ఇది నరాల ఇరుకా, కాళ్ల రక్తనాళాల ఇరుకా అన్న అనుమానం వచ్చినప్పుడు. 1997లో వచ్చిన రెండు దశల పద్ధతిలో ఒకసారి సమతలంగా, ఒకసారి ఎత్తు పెట్టి నడిపిస్తారు. ఎత్తెక్కేటప్పుడు మనిషి ముందుకు వంగుతాడు కాబట్టి స్టెనోసిస్ ఉన్నవాళ్లకి ఎత్తే సుళువు. రక్తనాళాలు మూసుకుపోయినవాళ్లకి ఎత్తు ఇంకా కష్టం.

రాయగడ, కోరాపుట్ వైపు ఉండేవాళ్లు మిషను లేకుండానే ఈ తేడా చెప్పగలరు. కొండ ఎక్కేటప్పుడు ఫర్వాలేదు, దిగేటప్పుడే కాళ్లు తేలిపోతున్నాయంటే నరాల వైపు అనుమానించాలి. ఎక్కేటప్పుడు పిక్కలు పట్టేసి, ఊరికే నిలబడితే చాలు తగ్గుతుంటే రక్తనాళాల వైపు. స్టెనోసిస్‌లో నిలబడితే తగ్గదు, కూర్చోవాలి లేదా వంగాలి. షుగరు ఉన్నవాళ్లూ, బీడీ, చుట్ట అలవాటున్నవాళ్లూ పాదాల నాడి తప్పకుండా చూపించుకోవాలి. మన ఉత్తరాంధ్ర తీరంలోనూ దాన్ని ఆనుకున్న ఊళ్లల్లోనూ అడ్డచుట్ట కాల్చే పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. "ఆడవాళ్లకి పొగ అలవాటు ఉండదులే" అనుకుని డాక్టరు ఆ ప్రశ్న అడక్కపోవచ్చు. మీరే చెప్పండి. రెండు జబ్బులూ కలిసి ఉండడమూ మామూలే.

బీప్ శబ్దానికి తగ్గట్టు వేగం పెంచుకుంటూ 10 మీటర్ల ముక్కలో అటూఇటూ నడిచే షటిల్ పరీక్ష కూడా ఉంది. వేగం మనది కాకపోవడం, అస్తమానం మళ్లాల్సి రావడం వల్ల మన పెద్దవాళ్లకి దాన్ని సూచించను.

కుర్చీ పరీక్షలు వేరే ప్రశ్నకి జవాబు

కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి పట్టే సెకన్లు కొలిచే పరీక్ష 1991 నుంచి వాడుకలో ఉంది. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉందని జాగ్రత్తపడతారు. అర నిమిషంలో చేతులు ఛాతీకి కట్టుకుని ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో చూసేది ఇంకొకటి. నిలబడే నిలకడ, 4 మీటర్ల నడక, అయిదుసార్లు లేవడం, ఈ మూడూ కలిపి 12 మార్కులకి లెక్కేసేది ఇంకోటి.

ఇవన్నీ మంచి పరీక్షలే. స్టెనోసిస్ నడకని మాత్రం కొలవవు, ఎందుకంటే కాళ్లల్లో బరువు మొదలయ్యేలోపే అయిపోతాయి. "మా నాన్నగారు తొమ్మిది సెకన్లలో చేసేశారు, ఏమీ లేదన్నారు" అని వచ్చినవాళ్లకి నేను ఇదే చెబుతాను. ఆ తొమ్మిది సెకన్లు కాళ్ల బలం, నిలకడ బాగున్నాయని చెబుతున్నాయి, సంతోషమే. 300 మీటర్ల దగ్గర ఏమవుతుందో దానికి తెలియదు.

అదే 75 దాటి, ఈ మధ్య ఒకటి రెండుసార్లు పడి, ఇంట్లోనే గోడ పట్టుకుని తిరిగేవాళ్లకైతే దూరం కొలవడం రెండో పని. కుర్చీ పరీక్షతోనే మొదలుపెట్టాలి. తుంటి విరిగితే స్టెనోసిస్ కంటే పెద్ద సమస్య. కుర్చీ మాత్రం ప్రతిసారీ అదే ఉండాలి, చక్రాలు ఉండకూడదు, వెనక్కి జరక్కుండా గోడకి ఆనించాలి. ప్లాస్టిక్ కుర్చీ నున్నటి టైల్స్ మీద జారుతుంది, దాంతో వద్దే వద్దు.

ప్రశ్నల కాగితాలు: రెండింటిలో ఏది

నడిపించకుండా అడిగి మార్కులు వేసేవాటిలో రెండు ఎక్కువగా కనిపిస్తాయి. ఇంగ్లండులోని ఆస్వెస్ట్రీ ఊళ్లో ఎముకల ఆస్పత్రిలో పుట్టి 1980లో ప్రచురితమైన ఆస్వెస్ట్రీ సూచిక ఒకటి. 1996లో స్టెనోసిస్ వాళ్ల కోసమే తయారైన జ్యూరిక్ ప్రశ్నావళి ఇంకొకటి.

ఆస్వెస్ట్రీలో 10 విభాగాలు, ఒక్కోదానికి 0 నుంచి 5. మొత్తాన్ని 50తో భాగించి శాతంగా రాస్తారు, శాతం ఎంత ఎక్కువైతే ఇబ్బంది అంత ఎక్కువ. దాంపత్య జీవితం గురించి ఒక విభాగం ఉంటుంది. మన పెద్దవాళ్లు, ముఖ్యంగా కొడుకో కోడలో పక్కన కూర్చుని చదివి వినిపిస్తుంటే, దాన్ని వదిలేస్తారు. వదిలేస్తే దానికి సున్నా వేసి 50తోనే భాగిస్తే తప్పు, 45తో భాగించాలి. తొమ్మిదింటికి 18 వస్తే 40 శాతం. ఇది నడుమునొప్పి కోసం రాసినది, నడక గురించి ఒక్క విభాగమే, కాళ్లల్లో వచ్చే తిమ్మిరి, కాళ్లు బరువెక్కడం ఊసు లేదు. నడుమూ కాళ్లూ సమానంగా బాధిస్తున్నవాళ్లకి పనికొస్తుంది. సర్జన్లందరికీ తెలిసిన లెక్క కావడం దీనికున్న పెద్ద లాభం.

జ్యూరిక్‌లో లక్షణాలకి 7 ప్రశ్నలు, పనులకి 5, చికిత్స అయ్యాక తృప్తికి 6. పనుల భాగం సగటు 1 నుంచి 4 మధ్య వస్తుంది, 1 అంటే హాయి. అరపాయింటు దాకా తగ్గితే మనిషికి తెలిసే మార్పు కింద లెక్క. కాళ్ల నొప్పి, తిమ్మిరి, బలహీనత, నిలకడ అన్నీ విడివిడిగా అడుగుతుంది. రెండింట్లో ఒకటే పెట్టుకోవాలంటే స్టెనోసిస్‌కి ఇదే సరైనదని నా అభిప్రాయం.

దీనికీ ఒక లోపం ఉంది. ఎంత దూరం నడవగలరన్న ప్రశ్నకి ఇచ్చే ఎంపికలు నాలుగే: 2 మైళ్లు దాటి, అమెరికా ఊళ్ల లెక్కలో రెండు వీధులు దాటి 2 మైళ్ల లోపు, 50 అడుగులు దాటి రెండు వీధుల లోపు, 50 అడుగుల లోపు. రెండు వీధులంటే ఇంచుమించు 200 మీటర్లు, 2 మైళ్లంటే 3.2 కిలోమీటర్లు. ఇప్పుడు కాశీనగర్‌లో ఉన్న ఒకాయన 300 మీటర్ల దగ్గర ఆగుతున్నారనుకోండి. ఆరు నెలల వ్యాయామంతో రెండు కిలోమీటర్లు నడిచి వంశధార ఒడ్డు దాకా వెళ్లొస్తున్నారు. ఆయన బతుకే మారిపోయింది, కాగితంలో మాత్రం అదే గడిలో ఉన్నారు. ప్రశ్నావళి ఒక్కదాన్నే నమ్ముకోకుండా పక్కన మీటర్లు కూడా ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఎవరు అడుగుతున్నారన్నదీ చూసుకోవాలి. మొదటిసారి నర్సు ఒడియాలో అడిగి రాసుకుని, రెండోసారి కూతురు తెలుగులో అడిగితే ఆ రెండు మార్కులనీ పోల్చడం కష్టం. మొదటినుంచీ ఒకే భాషలో, వీలైతే ఒకే మనిషి అడగాలి. జవాబు పెద్దవాళ్లనే చెప్పనివ్వాలి. "అమ్మ వంటింట్లో బాగానే తిరుగుతుందండీ" అని కోడలు అందించే జవాబులో, ఆ అమ్మ గట్టు మీద మోచేతులు ఆనించి నిలబడుతోందన్న సంగతి ఉండదు.

మన బతుకులో ఉన్నది అడగాలంటే

పీట మీదనుంచి లేవడం, బిందె మోయడం, ఠాకురాణి యాత్రలో గంటసేపు నిలబడడం, స్టేషన్లో వంతెన మెట్లు దిగడం, సంతలో సంచీతో తిరగడం ఈ రెండు ప్రశ్నావళుల్లోనూ ఇదే రూపంలో లేవు. ఇలాంటివాటికి 1995లో వచ్చిన ఒక తేలికపాటి పద్ధతి ఉంది. ఇప్పుడు చెయ్యలేకపోతున్న పనులు మూడు నుంచి అయిదు ఆ మనిషి నోటితోనే చెప్పించి, ఒక్కోదానికి 0 నుంచి 10 వేయిస్తారు. 0 అంటే అసలు చెయ్యలేను, 10 అంటే జబ్బుకి ముందులాగే. తర్వాత అవే పనులకి మళ్లీ.

నాకు ఇది చాలా ఇష్టం. చదువు అక్కర్లేదు, ఏ భాషైనా సరే, అయిదు నిమిషాల్లో అయిపోతుంది. ఇంకో సంగతి, ఆపరేషన్ చేయించుకోవాలా అన్న ఆలోచన అసలు దేనికోసమో ఇక్కడ బయటపడుతుంది. ఒకరికి మగ్గం దాకా నడవగలిగితే చాలు, ఇంకొకరికి పర్లాకిమిడిలో కూతురింటికి ఒంటరిగా వెళ్లిరావాలి. అదే 250 మీటర్లు ఒకరికి సరిపోతుంది, ఇంకొకరికి సరిపోదు. అయితే ఈ మార్కుల్ని ఇద్దరు మనుషుల మధ్య పోల్చకూడదు, ఆ మనిషి నిన్నటితో ఈరోజుని పోల్చడానికే.

ఫోన్లో అడుగుల లెక్క

నడవగలిగే శక్తి వేరు, రోజూ నిజంగా నడుస్తున్నది వేరు. 600 మీటర్లు నడవగలిగి కూడా భయంతో వీధి గుమ్మం దగ్గరే ఆగిపోయేవాళ్లు చాలామంది. రెండోదాన్ని పట్టుకోవడానికి అడుగులు లెక్కపెట్టే యంత్రాలు కావాలి. పరిశోధనల్లో నడుముకి కట్టి వారంపాటు ఉంచుతారు. ఫోను కూడా కొంతవరకు పనికొస్తుంది, ఒంటిమీద ఉంటే. మన ఆడవాళ్ల ఫోను వంటింటి అలమరలో ఉంటుంది, మనిషి పెరట్లో ఉంటుంది. కాళ్లు ఈడుస్తూ నెమ్మదిగా నడిచేవాళ్ల అడుగులు కొన్ని లెక్కలోకే రావు. ఒకరోజు అంకె చూసి ఏమీ అనుకోకండి, పండగ వారాన్ని ముసురు వారంతో పోల్చకండి. ఆపరేషన్ తర్వాత నడక పెరిగినా బయట తిరగడం పెరగలేదని తేలితే, అప్పుడు ధైర్యం చెప్పడం, తోడు వెళ్లడం మీద దృష్టి పెట్టాలి. ఈ సంగతి మిగతా ఏ పరీక్షా చెప్పదు.

మరి ఏది ఎంచుకోవాలి

మందులు, వ్యాయామం మీద ఉన్నవాళ్లు తన వేగం నడకని ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కొలుచుకుంటే చాలు, దానికి తోడు సొంత పనుల మార్కులు. ఆపరేషన్ ఆలోచనలో ఉన్నవాళ్లు ముందు రెండు వేర్వేరు రోజుల్లో కొలవాలి, ఎందుకంటే ఈ జబ్బులో ఒక్కోరోజు ఒక్కోలా ఉంటుంది. దానితోపాటు జ్యూరిక్ ప్రశ్నావళి. సర్జన్ ఆస్వెస్ట్రీ అడిగితే అదీ. పడిపోతున్నవాళ్లకి కుర్చీ పరీక్ష ముందు, గుండె, ఊపిరి బాగోలేనివాళ్లకి ఆస్పత్రిలో ఆరు నిమిషాల నడక. ఏది ఎంచుకున్నా మధ్యలో మార్చకండి. బరంపురంలో ఆరు నిమిషాలు, విశాఖలో ట్రెడ్‌మిల్, ఇంటిదగ్గర అంచనా అయితే మూడు అంకెలుంటాయి కానీ, ఏ రెండింటినీ పోల్చలేం.

కింద చెప్పినవి కనిపించినప్పుడు మాత్రం ఏ పరీక్షా వద్దు. మూత్రం రాకుండా ఆగిపోవడం, మూత్రం తెలియకుండానే పోవడం, మలం మీద పట్టు తప్పడం, కూర్చుంటే ఆనే చోట (మలద్వారం, మర్మాంగాల చుట్టూ) మొద్దుబారడం, పాదం ఉన్నట్టుండి జారిపోయి చెప్పు నిలవకపోవడం. వీటిలో ఏది కొత్తగా వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా, సర్జన్, ఎంఆర్ఐ ఉన్న పెద్దాసుపత్రికి ఆ రోజే చేరాలి. నడుమునొప్పితో జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉండడం కూడా డాక్టరుకి మొదటి మాటగా చెప్పాలి. కాళ్ల సంగతి కాకుండా చేతులు మొద్దుబారి, బొత్తాలు పెట్టుకోలేక, తూలుతూ నడుస్తుంటే ఇరుకు మెడ దగ్గర ఉండొచ్చు. దానికి ఈ దూరపు లెక్కలు వర్తించవు, మెడ ఎంఆర్ఐ గురించి డాక్టరుని అడగండి.